రాయలసీమ మగ్గం ఇల్లు: లీన్ తయారీ సెల్ పరిణతి అంచనాపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తక్కువ నిల్వతో, తక్కువ వృథాతో, అవసరం ఏర్పడినప్పుడే వస్తువును తయారు చేసే పద్ధతిని లీన్ తయారీ అంటున్నారు. ఈ పద్ధతిలో పనిచేసే చిన్న ఉత్పత్తి బృందమే తయారీ సెల్. అది ఎంత పరిణతి సాధించిందో స్థాయిలవారీగా అంచనా వేసే కొలమానాలు గత నాలుగైదు దశాబ్దాల్లో రూపొందాయి. ఈ కొలమానాలను కర్నూలు, కడప ప్రాంతాల చేనేత చరిత్రకు అన్వయించి వాటి బలాన్నీ పరిమితినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పంతొమ్మిదో శతాబ్దపు మగ్గం ఇల్లు పైకి చూస్తే ఉన్నత స్థాయి లీన్ సెల్‌లా కనిపిస్తుంది. 1876-78 కరువులో ముందుగా కూలినవాటిలో అదీ ఒకటి. నిల్వ లేకపోవడం నేర్పువల్లనా లేమివల్లనా అన్నది తేల్చకుండా పరిణతిని కొలవడం సాధ్యం కాదని, వానలు నమ్మకం లేని ప్రాంతంలో ఈ తేడాయే నిర్ణాయకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రాయలసీమ, చేనేత, మగ్గం ఇల్లు, లీన్ తయారీ, పరిణతి అంచనా, కరువు, సహకార సంఘం, ఎమ్మిగనూరు.

1. ఉపోద్ఘాతం

రాయలసీమ ఆర్థిక చరిత్రను గురించిన రచనల్లో సాగునీరు, కరువు, భూమి శిస్తు ప్రధాన స్థానాన్ని ఆక్రమించాయి. వ్యవసాయం తరువాత ఎక్కువమందికి బతుకుదెరువైన నేత పని ఆ రచనల్లో చాలావరకు అనుబంధంగానే కనిపిస్తుంది. ఎన్ని మగ్గాలు ఉండేవి, ఏ బట్ట నేసేవారు, ఎక్కడికి పంపేవారు అన్న వివరాలు ఉంటాయి. నేత ఇంటిని ఒక ఉత్పత్తి వ్యవస్థగా పరిశీలించడం, అందులో పని ఎలా సాగేది, నష్టం ఎవరి మీద పడేది అని అడగడం తక్కువ.

ఈ ప్రశ్నలు అడగడానికి నేటి తయారీ శాస్త్రం కొన్ని పనిముట్లు ఇస్తుంది. అయితే ఇరవయ్యో శతాబ్దపు పరిభాషను వెనక్కి తీసుకుపోయి పంతొమ్మిదో శతాబ్దానికి తగిలించడంలో కాలవ్యతిక్రమ దోషం ఉంది. నేతగాడు లీన్ సూత్రాలను పాటించాడని చెప్పడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. ఒక కొలబద్దను తెలిసిన ఫలితం ఉన్న చోట పెట్టి చూస్తే ఆ కొలబద్ద సరైనదో కాదో తెలుస్తుంది. మగ్గం ఇంటి విషయంలో ఫలితం ఏమిటో చరిత్ర చెప్పింది. కనుక ఇక్కడ పరీక్షకు నిలిచేది మగ్గం ఇల్లు కాదు, కొలబద్ద.

2. లీన్ సెల్, పరిణతి: పరిభాషా నేపథ్యం

ఒకే రకమైన యంత్రాలన్నిటినీ ఒక గదిలో పెట్టి, వస్తువును ఒక గది నుంచి మరో గదికి తిప్పడం పాత కర్మాగారాల పద్ధతి. దానికి బదులు ఒక కుటుంబానికి చెందిన వస్తువులకు కావలసిన వేర్వేరు యంత్రాలను పని వరుసలో ఒకచోట చేర్చి, బహువిధ నైపుణ్యమున్న చిన్న బృందానికి అప్పగిస్తే అది సెల్ అవుతుంది. ఈ ఆలోచనకు సోవియట్ దేశంలో మిత్రొఫానొవ్, బ్రిటన్‌లో జాన్ బర్బిడ్జ్ 1950, 60 దశకాల్లో శాస్త్రరూపం ఇచ్చారు. జపాన్‌లో టయోటా సంస్థ దీన్ని తన ఉత్పత్తి విధానంలో భాగం చేసుకుంది. ఆ విధానానికి 'లీన్' అన్న పేరును జాన్ క్రాఫ్‌సిక్ 1988లో వాడగా, 1990లో వోమాక్, జోన్స్, రూస్‌లు రాసిన గ్రంథం దాన్ని ప్రపంచమంతటా ప్రచారం చేసింది.

చేనేతను పరిశీలించే వారికి ఇక్కడ ఆసక్తికరమైన విషయం ఒకటుంది. టయోటా విధానానికి మూలం కారు కాదు, మగ్గం. సంస్థ మూలపురుషుడు సకిచి టయోడా మగ్గాల ఆవిష్కర్త. 1924లో పూర్తయిన ఆయన ఆటోమేటిక్ మగ్గం పడుగు పోగు తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోయేది. లోపం ముందుకు పోకుండా పుట్టిన చోటే పనిని ఆపాలన్న సూత్రం అక్కడి నుంచే కార్ల కర్మాగారానికి చేరింది. ఆ మగ్గం హక్కులను 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది.

టయోటా ఇంజనీరు తాయిచి ఓనో ఏడు రకాల వృథాలను గుర్తించాడు. అవి అధికోత్పత్తి, నిరీక్షణ, రవాణా, అనవసర ప్రక్రియ, నిల్వ, అనవసర కదలిక, లోపభూయిష్టమైన సరుకు. జపాన్ సంప్రదాయం వృథాతోపాటు మరి రెండు దోషాలను కూడా చెబుతుంది. పని భారంలో ఎగుడుదిగుడులు ఒకటి, మనిషి మీద గానీ యంత్రం మీద గానీ మోయలేని బరువు మోపడం రెండవది. లీన్ పద్ధతి ఇతర దేశాలకు వెళ్ళినప్పుడు మొదటి దోషానికి దక్కిన శ్రద్ధ తక్కిన రెండింటికీ దక్కలేదు.

పరిణతిని మెట్లుగా కొలిచే పద్ధతికి నాణ్యతా నిపుణుడు ఫిలిప్ క్రాస్బీ 1979లో ప్రకటించిన ఐదు దశల పట్టిక మార్గం వేసింది. 1980 దశకం చివర సాఫ్ట్‌వేర్ రంగంలో వాట్స్ హంఫ్రీ నేతృత్వంలో వచ్చిన ఐదు స్థాయిల నమూనా దాన్ని స్థిరపరిచింది. లీన్ సెల్ పరిణతిని అంచనా వేసేవారు సాధారణంగా చూసే అంశాలు ఇవి: పనిచోటు క్రమబద్ధత, అంతరాయం లేని ప్రవాహం, గిరాకీని బట్టి ఉత్పత్తి, ఒక రకం నుంచి మరో రకానికి మారడానికి పట్టే సమయం, పుట్టిన చోటే లోపాన్ని సరిదిద్దడం, కార్మికుల బహుముఖ నైపుణ్యం, నిల్వల పరిమాణం, పని పద్ధతిని నిరంతరం మెరుగుపరచుకోవడం.

3. మగ్గం ఇల్లు: పనుల వరుస

కర్నూలు, కడప ప్రాంతాల నేత పనిలో తొగట, పద్మశాలి, దేవాంగ, కుర్ని మొదలైన కులాలవారు తరతరాలుగా ఉన్నారు. తొగటలు కడప జిల్లాలోనే ఎక్కువగా ఉన్నారనీ, పేదలు కట్టుకొనే ముతక బట్ట నేసేవారనీ 1909లో ప్రచురితమైన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం నమోదు చేసింది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పుల్లంపేట, మాధవరం, ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు ఈ సీమలో పేరున్న నేత కేంద్రాలు.

ఈ ఊళ్ళలో నేత ఇల్లే పనిచోటు. గదిలో ఒక పక్క గుంట మగ్గం. నేతగాడు గుంట అంచున కూర్చొని కాళ్ళు లోపల పెట్టి తొక్కుతూ, చేతులతో నాడె ఆడిస్తాడు. నేలలోని చెమ్మ పోగును ఎండిపోనివ్వదు. అందువల్ల పొడి గాలి వీచే సీమలో గుంట మగ్గం నిలదొక్కుకుంది. మగ్గానికి నాలుగడుగుల దూరంలో రాట్నం. ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు కండెలు చుడతారు. నూలు తడపడం, తోడడం, పడుగు చేయడం, వీధిలో పడుగు సాచి గంజి పెట్టడం, ఆరబెట్టడం, కొత్త పడుగు కొసలను పాత పడుగు కొసలతో అచ్చు దగ్గర ఒక్కొక్క పోగుగా అతకడం, నేయడం, మడత పెట్టడం అనే క్రమంలో పని సాగుతుంది. వీధిలో గంజి పెట్టే పనికి ఇరుగుపొరుగు ఇళ్ళవాళ్ళు ఒకరికొకరు సాయపడతారు.

ఈ వరుసను లీన్ అంచనా పత్రంతో పోల్చి చూడవచ్చు. వేర్వేరు ప్రక్రియలు ఒకే కప్పు కింద, పని వరుసలో ఉన్నాయి. సరుకు నడిచే దూరం చాలా తక్కువ. కండె చుట్టే చేతికీ నేసే చేతికీ మధ్య నిల్వ ఒక బుట్టెడు కండెలే. మగ్గం మీది కండె అయిపోయే వేగమే రాట్నం తిరిగే వేగాన్ని నిర్ణయిస్తుంది. పోగు తెగితే నేతగాడు అక్కడికక్కడే ఆపి ముడి వేస్తాడు. టయోడా మగ్గం యంత్రంతో సాధించిన దాన్ని గుంట మగ్గం మనిషి కంటితో, వేలితో సాధించింది. అచ్చు దగ్గర పడుగును అతకడం వల్ల ప్రతిసారీ పోగులన్నిటినీ మళ్ళీ అచ్చులోంచి లాగవలసిన అవసరం తప్పుతుంది. ఇది మార్పిడి సమయాన్ని తగ్గించే ఉపాయం. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒకటికి మించిన పనులు వచ్చు. తయారైన సరుకు ఇంట్లో నిలవ ఉండదు. మగ్గం నుంచి కోసిన బట్ట వెంటనే సంతకో షావుకారు దుకాణానికో వెళుతుంది.

పని పద్ధతిని నిరంతరం మెరుగుపరచుకోవడం అన్న ఒక్క అంశాన్ని మినహాయిస్తే, నేటి పరిశీలకుడు ఈ ఇంటికి ఉన్నత స్థాయి మార్కులే వేస్తాడు. ఈ మార్కులు ఎంత నమ్మదగినవో తేల్చడానికి ఆ ఇంటిని చరిత్రలో ఎవరెవరు ఏ అవసరం కోసం కొలిచారో చూడాలి.

4. కొలిచినవారు: సర్కారు, కంపెనీ, షావుకారు

మొదట కొలిచింది సర్కారు. పన్ను కోసం మగ్గాన్ని లెక్కించడం దక్షిణాదిలో పాత ఆచారం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. కర్నూలు నవాబు పాలన 1839 దాకా సాగింది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల వంటి తాలూకాలు కడప నుంచి అందులో చేరాయి. పాలకులు మారినా మొతర్ఫా పేరుతో వృత్తులపై, మగ్గాలపై పన్ను కొనసాగి 1860 దశకం తొలి ఏళ్ళలో గాని రద్దు కాలేదు. ఈ లెక్కలో నేత ఇల్లంటే ఒక మగ్గం. ఆ మగ్గం వెనుక ఎన్ని చేతులు పనిచేస్తున్నాయన్నది ఆ లెక్కకు అవసరం లేదు.

రెండవది కంపెనీ వ్యాపార విభాగం. కంపెనీ ముందుగా బయానా ఇచ్చి, నమూనా గుడ్డతో పోల్చి, వచ్చిన బట్టను తరగతులుగా విడదీసి ధర కట్టేది. ఇక్కడ కొలత పొడవు, వెడల్పు, పోగుల సాంద్రత. అంటే నాణ్యత అంచనా ఉంది. కాని లోపం ఎందుకు వచ్చిందో కనుక్కొని సరిచేసే ఏర్పాటు లేదు. లోపానికి ధర కోత మాత్రమే ఉంది. బారామహల్ ప్రాంతంలో కంపెనీ ఉద్యోగులు ముఖ్యమైన నేతగాళ్ళను పిలిపించి, కంపెనీకే సరుకు ఇస్తామని ఒప్పుకొనే దాకా కాపలా పెట్టేవారని మన్రో 1813లో బ్రిటిష్ పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చాడు. రాయలసీమకు రాకముందు ఆయన పనిచేసిన ప్రాంతమది. గిరాకీని బట్టి ఉత్పత్తి జరగడం లీన్ సూత్రమే. అయితే గిరాకీ వెనుక కాపలావాడు ఉన్నప్పుడు అది సూత్రంగా మిగలదు.

మూడవవాడు షావుకారు. కంపెనీ వ్యాపార గుత్తాధిపత్యం 1813, 1833 చట్టాలతో ముగిశాక, నూలు, పెట్టుబడి, అమ్మకం మూడూ స్థానిక వర్తకుల చేతికి మరింతగా చేరాయి. ఇదే కాలంలో లంకషైర్ మిల్లు నూలు రాక మొదలైంది. మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు 1871లో రాయచూరు వద్ద కలిశాక ఈ సీమ నల్లరేగడి పత్తి బయటికి పోవడం, బయటి నూలు లోపలికి రావడం సులువైంది. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు పరిసరాల్లో పండిన పత్తిని ఊళ్ళోనే వడికి ఊళ్ళోనే నేసే గొలుసు క్రమంగా తెగింది. వడుకు మీద బతికిన స్త్రీల ఆదాయం పోయింది. మగ్గం ఇంటికి ముడిసరుకు ఇక అప్పు మీద వచ్చే వస్తువు అయింది.

షావుకారు కొలత మజూరీ. బట్టకింత అని కట్టే మజూరీలో రాట్నం తిప్పిన చేతికి, గంజి పెట్టిన చేతికి వేరుగా పద్దు ఉండదు. అంచనా పత్రంలో 'బహుముఖ నైపుణ్యం' అని కనిపించేది ఆర్థికంగా చూస్తే లెక్కకు రాని శ్రమ. ఈ విషయాన్ని గుర్తించకపోతే ఇంటి ఉత్పాదకత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ ముగ్గురిలో ఎవరి లెక్క తప్పని చెప్పలేం. ఎవరికి కావలసింది వారు కొలిచారు. ఇంట్లో ఎన్ని రోజులకు సరిపడా జొన్నలున్నాయి, పని ఆగితే కుటుంబం ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నది మాత్రం ఎవరి పద్దులోకీ ఎక్కలేదు.

5. 1876-78: నిల్వ లేని ఇంటికి పరీక్ష

కర్నూలు, కడప ప్రాంతాల్లో సగటు వర్షపాతం ఏటా 600-700 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. సగటు కంటే దాని అనిశ్చితే ఇక్కడి జీవితాన్ని తీర్చిదిద్దింది. మంచి ఏట పండిన జొన్నను పాతరలో పూడ్చి దాచుకోవడం ఈ సీమ రైతుకు తెలిసిన భద్రత. ఓనో లెక్కలో నిల్వ ఒక వృథా. రాయలసీమ రైతు లెక్కలో అది ప్రాణం. నేత ఇంటికి సాధారణంగా పాతర లేదు. ఆ ఇల్లు వారం వారం బట్ట అమ్మి గింజలు కొనుక్కొనేది.

1876లో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ విఫలమయ్యాయి. మద్రాసు రాజధానిలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. నేత ఇంటి మీద కరువు రెండు వైపుల నుంచి పడింది. గింజల ధర పెరగడం ఒక వైపు. గింజలకే చాలని జనం బట్ట కొనడం మానేయడం మరో వైపు. కరువు కాలంలో ఆహారం ఎంత ఉందన్నదానికంటే మనిషి తన దగ్గరున్న దాన్ని ఆహారంగా మార్చుకొనే శక్తి ముఖ్యమని అమర్త్య సేన్ 1981లో సిద్ధాంతీకరించిన విషయానికి నేతగాడు చక్కని ఉదాహరణ. ముతక బట్ట నేసే తొగటల వంటివారి కొనుగోలుదారులే పేద రైతులు, కూలీలు. వారి పంట పోయిన రోజునే వీరి గిరాకీ పోయింది. కొత్త బట్టకు గిరాకీ లేనప్పుడు షావుకారు నూలు ఇవ్వడు. నూలు లేనప్పుడు రాట్నం, మగ్గం, పడుగు అన్నీ ఒకేసారి ఆగుతాయి. ప్రక్రియల మధ్య నిల్వ లేని వరుసకు ఉన్న గుణమే అది. ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి. కర్మాగారంలో దీన్ని సుగుణంగా చెబుతారు. ఎందుకంటే ఆగిన వరుస లోపాన్ని బయటపెడుతుంది, యాజమాన్యం వచ్చి సరిచేస్తుంది. మగ్గం ఇంటి వరుస ఆగినప్పుడు వచ్చి సరిచేసేవారు లేరు.

ప్రభుత్వ సహాయ పనులు ప్రధానంగా మట్టి తవ్వడం, రాళ్ళు కొట్టడం. 1877 జనవరిలో వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఈ పనులపై కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి నగదుకు తగ్గించాలని నిర్దేశించాడు. ఏళ్ళ తరబడి నూలుపోగు మీద పనిచేసిన వేళ్ళకు సమ్మెట పని అలవాటు లేదు. ఆ వేళ్ళు మొద్దుబారితే కరువు పోయాక కూడా నేత పని చెడుతుంది. ఈ ఇబ్బందిని గుర్తించి కొన్నిచోట్ల నేతగాళ్ళకు నూలు ఇచ్చి, వారు నేసిన బట్టను ప్రభుత్వమే కొనే పద్ధతిని మద్రాసు అధికారులు అమలు చేశారు. తయారీ శాస్త్ర పరిభాషలో చెబితే, ఆ కొద్ది కాలం ప్రభుత్వం సెల్‌కు ముందు ముడిసరుకు నిల్వగా, వెనుక సరుకు నిల్వగా నిలబడింది. ఇంటి పని పద్ధతిలో ఏ మార్పూ లేకుండానే ఇల్లు నిలిచింది. లోపం ఇంటి లోపల కాదు, ఇంటికి రెండు వైపులా ఉందనడానికి ఇది బలమైన సాక్ష్యం.

జనగణన ప్రకారం కర్నూలు జిల్లా జనాభా 1871లో సుమారు 9.14 లక్షలు, 1881లో సుమారు 6.78 లక్షలు. పదేళ్ళలో నాలుగోవంతు జనం తగ్గిపోయారు. మరణాలు, వలసలు రెండూ ఇందులో ఉన్నాయి. 1880 నాటి కరువు కమిషన్ కూడా వ్యవసాయ కూలీలతోపాటు చేతివృత్తులవారు కరువు దెబ్బకు ముందుగా గురవుతారని గుర్తించింది.

పైన మూడో విభాగంలో ఉన్నత స్థాయి మార్కులు పొందిన ఇల్లే ఇది. అందువల్ల రెండు నిర్ణయాలకు రావలసి ఉంటుంది. ఒకటి, ఆ కొలమానం ఇంటి లోపలి క్రమాన్ని సరిగానే పట్టుకుంది. రెండు, ఆ క్రమం ఎవరి అధీనంలో, ఎవరి నష్టభయం మీద నడుస్తుందో అది పట్టుకోలేదు. నిల్వ అవసరం లేనంత నమ్మకమైన సరఫరా ఏర్పరచుకొని నిల్వను తగ్గించుకోవడం పరిణతి. నిల్వ పెట్టుకొనే స్తోమత లేక నిల్వ లేకపోవడం పేదరికం. అంచనా పత్రంలో ఈ రెండింటికీ ఒకే గడి ఉంది.

6. ఎమ్మిగనూరు: ఇంటి వెలుపల నిల్వ

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో నేత సమస్యకు రెండు రకాల పరిష్కారాలు ముందుకు వచ్చాయి. మొదటిది పనిముట్ల వైపు నుంచి వచ్చింది. తాడు లాగితే నాడె తానే పరుగెత్తే మగ్గాన్ని ప్రచారం చేసిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1906 ప్రాంతంలో సేలంలో ప్రభుత్వ నేతశాలను నడిపాడు. కొత్త మగ్గం వేగం నిజమే. అయితే ఇంటిని వదిలి గంట కొట్టే వేళకు నేతశాలకు రావడానికి నేతగాళ్ళు ఇష్టపడలేదు. ఇంట్లో రాట్నం తిప్పే చేతులు నేతశాలకు రావు కాబట్టి, ఒక మనిషి వేగం పెరిగినా కుటుంబపు ఉత్పత్తి వరుస తెగుతుంది. సెల్ అంటే మగ్గం కాదు, మగ్గం చుట్టూ ఉన్న చేతుల కూడిక అన్న సంగతి ఈ ప్రయోగం పరోక్షంగా నిరూపించింది.

రెండవది సహకార మార్గం. 1904 చట్టం పరపతి సంఘాలకు, 1912 చట్టం ఉత్పత్తి, అమ్మకం సంఘాలకు వీలు కల్పించాయి. 1935లో మద్రాసు రాజధాని స్థాయిలో చేనేత సహకార సంఘం ఏర్పడింది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘాన్ని స్థాపించారు. అప్పటికి ఆ ఊరు బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతోపాటు కర్నూలు జిల్లాలో చేరింది. సోమప్ప సేవలకు గుర్తింపుగా 1954లో పద్మశ్రీ లభించింది.

ఈ సంఘం ప్రాముఖ్యాన్ని సాధారణంగా నాయకత్వ దృష్టితో వివరిస్తారు. ఉత్పత్తి వ్యవస్థ దృష్టితో చూస్తే దాని విశిష్టత మరోలా కనిపిస్తుంది. సహకార పద్ధతి మగ్గాన్ని ఇంట్లోనే ఉంచింది. కుటుంబపు పని వరుసను కదిలించలేదు. మార్చింది నిల్వల స్థానాన్ని. నూలు నిల్వ, తయారైన బట్ట నిల్వ, పెట్టుబడి ఈ మూడూ షావుకారు నుంచి సంఘానికి మారాయి. నేతగాడు ఆ సంఘంలో వాటాదారు. బట్ట వెంటనే అమ్ముడుపోకపోయినా మజూరీ అందుతుంది. అమ్మకం ఆలస్యమయ్యే నష్టభయాన్ని సంఘం మోస్తుంది. దుప్పట్లు, తువాళ్ళ వంటి రోజువారీ అవసరాల బట్టలకు ఎమ్మిగనూరు పేరు తెచ్చుకోవడానికి ఈ ఏర్పాటు ఆధారం. ఊళ్ళోని వీవర్స్ కాలనీ, ఇల్లూ మగ్గమూ వేరు కావన్న అవగాహనకు గుర్తు.

1876లో ఇంటికి లేనిదీ, సహాయ కాలంలో ప్రభుత్వం తాత్కాలికంగా ఇచ్చిందీ ఇక్కడ సంస్థాగత రూపం పొందింది. దీన్ని బట్టి సెల్ పరిణతిని సెల్ గోడల లోపల మాత్రమే కొలవడం చాలదని తేలుతుంది. ఎమ్మిగనూరు నేత ఇంటి లోపలి దృశ్యం, పాత మగ్గం ఇంటి లోపలి దృశ్యం దాదాపు ఒకటే. బుట్టెడు కండెలు, ఒక పడుగు, ఒక మగ్గం. రెండింటి నిలకడ మాత్రం వేరు.

ఈ ఏర్పాటు శాశ్వతమని చెప్పడానికి వీలు లేదు. సంఘాలకు రావలసిన అమ్మకపు సొమ్ము ఆలస్యమైనప్పుడు, మరమగ్గాల పోటీ పెరిగినప్పుడు, నష్టభయం తిరిగి ఇంటి మీదికే దిగింది. రాయలసీమలో చాలా ఊళ్ళు మళ్ళీ మాస్టర్ వీవర్ల కింద మజూరీ నేతకు మళ్ళాయి. నిల్వను మోసే సంస్థ బలహీనపడితే సెల్ పరిణతి కూడా వెనక్కి పోతుందన్న మాట. పరిణతి నమూనాలు మెట్లు ఎక్కడాన్నే ఊహిస్తాయి. దిగడం చరిత్రలో అంత మామూలే.

7. నేటి అంచనాలకు అన్వయం

కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వశాఖ లీన్ పథకాన్ని కొత్త రూపంలో 2023 మార్చి 10న ప్రారంభించింది. ఇందులో పరిశ్రమలు ప్రాథమిక, మధ్యమ, ఉన్నత అనే మూడు స్థాయిలు దాటుతాయి. సలహాదారుల సేవలకు, అమలుకు అయ్యే ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం కడప జిల్లా కొప్పర్తిలో 2,596 ఎకరాల్లో, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 2,621 ఎకరాల్లో పారిశ్రామిక కేంద్రాలను ఆమోదించింది. అంటే చరిత్ర పొడవునా మగ్గాల లెక్క తీసిన ఈ రెండు జిల్లాల్లో, రాబోయే కాలంలో చిన్న పరిశ్రమల పరిణతిని స్థాయిలుగా లెక్కించే పని విస్తరించబోతున్నది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల పరిసరాల్లో నాపరాయి కోసి నునుపు చేసే చిన్న యూనిట్లు, ప్రొద్దుటూరు, ఎమ్మిగనూరు నేత ఇళ్ళు కూడా ఇలాంటి అంచనాల పరిధిలోకి రాగలవు.

మగ్గం ఇంటి చరిత్ర ఆ అంచనాలకు నాలుగు ప్రశ్నలను చేర్చమంటుంది. మొదటిది: ఇంట్లో లేదా యూనిట్లో నిల్వ తక్కువగా ఉంటే, ఆ నిల్వను బయట ఎవరు మోస్తున్నారు? రెండవది: పని ఆపే హక్కు ఎవరిది, ఆపిన సమయానికి కూలి ఎవరిస్తారు? పోగు తెగినప్పుడు ఆపిన నేతగాడికి ఆ సమయం తన మజూరీలోంచే పోతుంది. టయోటా వరుసలో తాడు లాగిన కార్మికుడికి జీతం ఆగదు. మూడవది: బహుముఖ నైపుణ్యంగా నమోదైన శ్రమలో పద్దుకెక్కనిది ఎంత? నాల్గవది: ఒక రుతువు గిరాకీ పూర్తిగా పోతే ఈ సెల్ ఎన్ని వారాలు విడిపోకుండా నిలుస్తుంది?

ఈ ప్రశ్నలు లీన్ భావనకు విరుద్ధమైనవి కావు. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సంస్థ కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదం వల్ల ఒక చిన్న బ్రేకు భాగం అందక టయోటా కర్మాగారాలు ఆగిపోయాయి. తోటి సరఫరాదారులందరూ కలిసి ఆ భాగాన్ని తయారు చేసి ఇవ్వడంతో కొద్ది రోజుల్లోనే పని తిరిగి మొదలైంది. 2011 భూకంపం తరువాత ఆ సంస్థే చిప్‌ల వంటి కీలక భాగాలకు కొన్ని నెలల నిల్వ ఉంచాలని సరఫరాదారులను కోరింది. లీన్ పుట్టిన చోట కూడా, పాతర అవసరాన్ని అనుభవమే నేర్పింది.

8. ముగింపు

మగ్గం ఇంటిని సర్కారు పన్ను కోసం, కంపెనీ సరుకు కోసం, షావుకారు మజూరీ కోసం కొలిచారు. ప్రతి కొలతా కొలిచినవారి అవసరాన్ని తీర్చింది. కుటుంబం నిలకడను కొలిచినది కరువు ఒక్కటే. ఆ కొలతకు చెల్లించిన మూల్యం 1881 జనగణన పట్టికలో ఉంది. పైకి ఒకేలా కనిపించే రెండు ఇళ్ళలో ఒకటి కూలిపోవడానికీ మరొకటి నిలవడానికీ కారణం ఇంటి లోపలి క్రమశిక్షణలో లేదని, ఇంటి వెనుక నిలిచిన సంస్థలో ఉందని ఎమ్మిగనూరు ఉదాహరణ తెలియజేస్తుంది.

లీన్ సెల్ పరిణతి అంచనా ఉపయోగకరమైన పరికరమే. రాయలసీమ వంటి మెట్ట ప్రాంతంలో దాన్ని వాడేటప్పుడు వృథాకూ భద్రతకూ మధ్య గీత ఎక్కడ గీయాలో స్థానిక చరిత్రను అడిగి తెలుసుకోవాలి. ఒక యూనిట్‌లో ఖాళీ గోదాము కనిపించినప్పుడు మార్కు వేసే ముందు, అది సరఫరా మీది నమ్మకంతో ఖాళీగా ఉందా, అప్పు పుట్టక ఖాళీగా ఉందా అని విచారించడం పరిశీలకుడి మొదటి పని కావాలి.